పాచిని చదివితే కొలువుందా? కొలవడం వస్తే ఉంది!

బీఎస్సీ బీజెడ్‌సీలో నాస్టాక్, అనాబినా బొమ్మలు వేసి, వరి పొలంలో నత్రజని స్థాపిస్తాయని రెండు ముక్కలు రాసి దాటేసిన నీలి ఆకుపచ్చ శైవలాలపై పరిశోధన చేస్తామనేవాళ్లు తక్కువే. చేద్దామనుకున్నవాళ్లనూ ఇంట్లో అడిగేది ఒకటే: ఉద్యోగం వస్తుందా? ఈ శైవలాలకే మరో పేరైన సయనోబాక్టీరియా పేరు పెట్టి ఉద్యోగ ప్రకటన పడటం అరుదు. అయితే ఆ జీవి భార లోహాల విషాన్ని ఎలా తట్టుకుంటుందో ల్యాబ్‌లో తప్పు లేకుండా కొలవగలిగినవాళ్లకు చాలా చోట్ల పని ఉంది.

ముందు అసలు విషయం. కిరణజన్య సంయోగక్రియలో ఆక్సిజన్ ఈ కణం లోపలే పుడుతుంది. ఎండ మితిమీరితే కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి ఆ ఆక్సిజన్‌నే సూపర్ ఆక్సైడ్‌గా మారుస్తాయి. ఎస్‌ఓడీ (సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్) ఎంజైము దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. కెటలేజ్, పెరాక్సిరెడాక్సిన్ వంటివి దాన్ని నీళ్లుగా మార్చేస్తాయి. ఈలోగా ఇనుము, రాగి అయాన్లు విడిగా తిరుగుతుంటే పెరాక్సైడ్ నుంచి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. దాన్ని అణచే ఎంజైమే లేదు. కాడ్మియం దారి వేరు, అది గ్లూటాథయోన్‌ను పట్టేసి రక్షణను బలహీనపరుస్తుంది. అందుకే భార లోహాలను, ఈ ఆక్సిజన్ రూపాల వల్ల కలిగే ఆక్సీకరణ ఒత్తిడిని విడివిడిగా చదివితే లాభం లేదు.

కణం కూడా చేతులు కట్టుకుని కూర్చోదు. పైనున్న జిగురు పొర కొంత లోహాన్ని బయటే పట్టేస్తుంది, లోపలికొచ్చినదాన్ని పంపులు తోసేస్తాయి. సినెకోకాకస్‌లో ఎస్‌ఎంటీఏ అనే చిన్న ప్రొటీన్ జింక్, కాడ్మియంలను బంధిస్తుంది. మామూలప్పుడు దాని జన్యువును ఎస్‌ఎంటీబీ అణచి ఉంచుతుంది. జింక్ వచ్చి అతుక్కోగానే ఎస్‌ఎంటీబీ డీఎన్‌ఏను వదిలేస్తుంది, జన్యువు పని మొదలెడుతుంది.

ఇంటర్వ్యూలో తేలేది మాత్రం ల్యాబ్ పనితనం. నేటివ్ జెల్‌కు ఎన్‌బీటీ, రైబోఫ్లేవిన్ పట్టించి వెలుతురులో పెడితే జెల్ అంతా ఊదా నీలం అవుతుంది, ఎస్‌ఓడీ ఉన్నచోట మాత్రం తెల్లటి గీతలు మిగులుతాయి. రంగు వేయకముందే పెరాక్సైడ్‌లో నానబెడితే ఇనుము రకం ఎస్‌ఓడీ గీత పోతుంది, మాంగనీస్ రకం నిలుస్తుంది. ఎందుకో చెప్పగలగాలి. ఇంకో చిక్కు మీడియంలోనే ఉంది. అందరూ వాడే బీజీ-11లో ఈడీటీఏ, సిట్రేట్, ఫాస్ఫేట్ ఉంటాయి. సీసం లాంటివి ఫాస్ఫేట్‌తో కలిసి అడుక్కి దిగిపోతాయి, కొంత ఈడీటీఏ పట్టేస్తుంది. ఫ్లాస్కులో పోసింది ఒకటి, కణానికి అందింది మరొకటి. ఇది చూసుకోకుండా 'మా జాతి లోహాన్ని భలే తట్టుకుంటోంది' అని రాసిన డిజర్టేషన్లకు విలువ లేదు.

చదువు విషయానికొస్తే బోటనీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ ఏదైనా పరవాలేదు. ఎమ్మెస్సీకి రాష్ట్రాల పీజీసెట్‌లతో పాటు సీయూఈటీ-పీజీ, ఐఐటీ జామ్, గ్యాట్-బి రాయొచ్చు. ఆ తర్వాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆపై ఇంటి అద్దె భత్యం. ఇరవై రెండేళ్లకే ఇంటిని ఆదుకోవాల్సినవాళ్లకు పీహెచ్‌డీ దారి కష్టమే, దాచాల్సిన పని లేదు.

ఈ జీవులపై పని చేయాలంటే బనారస్ హిందూ వర్సిటీ, ఢిల్లీలోని ఐఏఆర్ఐ, తిరుచ్చిలోని భారతిదాసన్ వర్సిటీ, ముంబయిలోని బార్క్, మన దగ్గర హైదరాబాద్ సెంట్రల్ వర్సిటీల వైపు చూడండి. భారతిదాసన్ వర్సిటీ సేకరణలోని ఒక సముద్రపు జాతి యురేనియాన్ని పట్టుకుంటుందని బార్క్ శాస్త్రవేత్తలు 2009లో చూపించారు. అలాగని పాచి వేస్తే పటాన్‌చెరు వ్యర్థజలాలు తేటపడతాయని చెప్పే ప్రసంగాలను నమ్మకండి. ఫ్లాస్కులో ఒకే లోహం ఉంటుంది, ఫ్యాక్టరీ నీటిలో ఉప్పు, ద్రావకాలు, నాలుగైదు లోహాలు కలిసి ఉంటాయి.

పీహెచ్‌డీ వద్దనుకుంటే లోహాలను కొలిచే ఐసీపీ-ఎంఎస్ నేర్చుకోండి. హైదరాబాద్, విశాఖ ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్‌లో ఐసీహెచ్ క్యూ3డీ మార్గదర్శకాల ప్రకారం సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం చూడక తప్పదు. నీరు, ఆహారం పరీక్షించే ల్యాబ్‌లలోనూ ఇదే పని. స్పిరులినా తయారీదారులకు ఇంకా అవసరం, లోహాన్ని పట్టుకునే గుణమున్న ఈ కోవ జీవినే తినే పొడిగా అమ్ముతున్నారు కదా!

ప్రాజెక్టుకు గైడ్‌ను ఎంచుకునే ముందు ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న విద్యార్థులతో మాట్లాడండి. ఐసీపీ-ఎంఎస్ ఎవరు నడుపుతారు, మనల్ని తాకనిస్తారా, శాంపిళ్లు బయటికి పంపితే ఆ ఖర్చు ఎవరిదని మొహమాటం లేకుండా అడిగేయండి.