వేలిముద్రతో డబ్బు తీస్తున్నారా?

యూరియా బస్తాకు వేలు పెట్టాలి. రేషన్ బియ్యానికి వేలు పెట్టాలి. బ్యాంకు మిత్ర దగ్గర రెండు వేలు తీసుకోవాలన్నా వేలే పెట్టాలి. పూర్వం నిశానీ వేసిన కాగితం మన కళ్ళముందే ఉండేది. ఇప్పుడు ఆ ముద్ర ఎక్కడికి పోతోందో, ఏం చేసి వస్తోందో కనబడదు. పీఎం కిసాన్ కింద విడతకు పడే 2,000 రూపాయలు, ధాన్యం, పత్తి అమ్మిన సొమ్ము, కూలి డబ్బు చాలావరకు ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోకే వస్తున్నాయి. కనుక సన్న, చిన్నకారు రైతులు ఈ సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవడం అవసరం.

ఊళ్ళో ఉన్న చిన్న మిషన్‌కు మీ ముద్ర తెలియదు. మీ ఖాతాలో ఎంత ఉందో కూడా తెలియదు. అది కాలువ మీద తూము లాంటిది, అంతే. మీరు బ్యాంకు పేరు, ఆధార్ నంబరు చెప్పి వేలు పెడితే, ఆ వివరాలు నెట్ ద్వారా మిషన్ ఇచ్చిన బ్యాంకుకు, అక్కడి నుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కు పోతాయి. ముద్ర మీదేనా, కాదా అన్నది ఆధార్ సంస్థ కంప్యూటర్లు సరిచూస్తాయి. అవి బెంగళూరులో, హర్యానాలోని మానేసర్‌లో ఉన్నాయి. సరేనని జవాబు వచ్చాక మీ బ్యాంకు ఖాతాలో డబ్బు తగ్గించి, ‘ఇవ్వవచ్చు’ అని మిషన్‌కు తిరుగు కబురు పంపుతుంది. పిన్ అడగదు, ఓటీపీ అడగదు. చదువు రాని ముసలమ్మ కూడా పట్నం పోకుండా డబ్బు తీసుకోగలుగుతోందంటే ఈ పద్ధతి వల్లనే. అయితే ఏటీఎం కార్డు పోతే కొత్తది తెచ్చుకోవచ్చు, వేలు పోతే కొత్తది తెచ్చుకోలేం.

‘ఫెయిలైంది, మళ్ళీ పెట్టు’

ఎక్కువ తగాదాలు వచ్చేది ఇక్కడే. ఉదాహరణకు మీరు 3,000 రూపాయలు అడిగి వేలు పెట్టారు. బ్యాంకు ఖాతాలో తగ్గించింది. తిరుగు కబురు వచ్చేలోగా సిగ్నల్ పోయింది. మిషన్ మీద ‘ఫెయిల్’ అని పడింది. మిషన్ నడిపే అబ్బాయి అబద్ధం చెప్పలేదు, మీ డబ్బూ పోయింది. ఇలాంటి వాటికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న ఉత్తర్వు ఇచ్చింది. లావాదేవీ జరిగిన రోజు పోను 5 రోజుల్లోగా ఆ సొమ్ము దానంతటదే ఖాతాకు తిరిగి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కలిపి ఇవ్వాలి. ఈ పరిహారం కోసం అర్జీ పెట్టుకోనక్కరలేదని అందులోనే ఉంది. ఈ మాట మన ఊళ్ళల్లో తెలిసినవాళ్ళు తక్కువ.

చిక్కేమిటంటే, నిజంగా ఫెయిలైనా ‘ఫెయిల్’ అనే అంటారు, డబ్బు తీసి జేబులో వేసుకున్నా ‘ఫెయిల్’ అనే అంటారు. మొహం చూసి చెప్పలేం. అందుచేత మళ్ళీ వేలు పెట్టే ముందు ఫెయిలైన దానికి కూడా రసీదు అడగండి. మిషన్‌లో కాగితం లేదంటే తెర మీద ఉన్నది ఫోన్లో ఫొటో తీయించుకోండి. ‘బ్యాలెన్స్ చూస్తాను, వేలు పెట్టు పెద్దాయనా’ అని చెప్పి డబ్బు తీసేవాళ్ళు లేకపోలేదు. అక్షరాలు రాకపోయినా అంకెలు గుర్తుపట్టగలరు కదా, వేలు పెట్టే ముందు తెర మీద ఎంత మొత్తం ఉందో చూడండి. ఒక్కసారికి పదివేల దాకా తీసే వీలుంటుందని మరువరాదు.

ఎరువుల షాపులో పెట్టే వేలు సబ్సిడీ లెక్క కోసం. దానితో ఖాతాలో డబ్బు కదలదు. అదే షాపులో డబ్బులిచ్చే మిషన్ కూడా ఉంటే మాత్రం ఏ మిషన్ మీద పెడుతున్నారో అడిగి పెట్టండి.

ఇక వేలు అసలు పడని బాధ. నాట్లేసి, కలుపు తీసి, సిమెంటు పనికి పోయిన చేతుల్లో గీతలు అరిగిపోతాయి. పొగాకు కొట్టేవాళ్ళకు జిగురు పట్టి అసలే పడదు. చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకుని పెట్టాలి. బొటనవేలే కావాలన్న నియమం లేదు. ఆధార్‌లో పది వేళ్ళూ ఉంటాయి, చూపుడు వేలో, ఎడమ చేతి ఉంగరపు వేలో ప్రయత్నించవచ్చు. ఏదీ పడకపోతే ఆధార్ కేంద్రంలో ముద్రలు కొత్తగా వేయించుకోవాలి. 2025 అక్టోబర్ నుంచి దీనికి రుసుము 125 రూపాయలు. అంతకుమించి అడిగితే రసీదు అడగండి.

రబ్బరు వేళ్ళు

వేలిముద్రను దొంగిలించగలరా అని మీకు అనుమానం రావచ్చు. తెలంగాణలో 2018లో ఒక సిమ్‌కార్డుల అమ్మకందారు రిజిస్ట్రేషన్ల వెబ్‌సైట్ నుంచి భూమి దస్తావేజులు దించుకుని, వాటి మీది నిశానీలతో రబ్బరు ముద్రలు చేసి వేల సిమ్‌లు నడిపించాడు. తరువాత అదే ఉపాయం బ్యాంకు ఖాతాల మీదికి మళ్ళింది. దస్తావేజు మీద వేలిముద్ర, ఆధార్ నంబరు రెండూ ఉంటే ఇక దొంగకు కావలసింది బ్యాంకు పేరొక్కటే. పెట్టింది ప్రాణమున్న వేలా, కాదా అని కనిపెట్టే ఏర్పాటు ఆధార్ సంస్థ 2023లో తెచ్చింది. మిషన్లు నడిపేవారి పూర్వాపరాలు బ్యాంకులే విచారించాలని, మూడు నెలలు పని ఆపినవారిని మళ్ళీ విచారించాకే అనుమతించాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2026 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. మంచిదే. అయినా మన తాళం మనం వేసుకోవడం ఉత్తమం.

ఆ తాళం ఉంది కూడా. ఆధార్ సంస్థ యాప్‌లోగాని, వెబ్‌సైట్‌లోగాని ‘బయోమెట్రిక్ లాక్’ అనే సౌకర్యం ఉచితం. లాక్ వేస్తే మీ ముద్ర ఎవరు వాడినా చెల్లదు. అయితే మీరు రేషన్‌కు, ఎరువులకు పోయినా చెల్లదు. పోయేముందు కొద్ది నిమిషాలపాటు తీసి, పని కాగానే మళ్ళీ పడేలా చూసుకోవాలి. ఇందుకు ఆధార్‌కు మీ ఫోన్ నంబరు కలిపి ఉండాలి. సందేహముంటే 1947కు ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు. ప్రతి వారం మిషన్‌తో పని ఉండే ఇంట్లో ఈ లాక్ కొంచెం విసుగే. అటువంటివారు పంట సొమ్ము మొత్తం ఆ ఖాతాలోనే ఉంచకుండా, వచ్చే కారుకు అక్కరలేనంత వరకు డిపాజిట్‌గా మార్చుకోవడం మేలు. ఎక్కడైనా ఆధార్ నకలు అడిగితే మొదటి ఎనిమిది అంకెలు దాచిన కాపీ ఇస్తే సరిపోతుందేమో అడగండి.

డబ్బు పోయినట్టు తెలిసేది ఫోన్‌కు వచ్చే మెసేజ్ వల్ల. చాలామంది ఖాతాలకు ఎప్పుడో వదిలేసిన సిమ్ నంబరో, పట్నంలో ఉన్న కొడుకు నంబరో ఉంటుంది. ఈసారి బ్యాంకుకు పోయినప్పుడు ముందు అది సరిచేయించుకోండి.

మీరు తీయని డబ్బు పోతే అదే రోజు 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును దారిలో ఆపే వీలు అంత ఎక్కువ. తరువాత బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మూడోవాడు మోసం చేసినప్పుడు, మెసేజ్ అందిన 3 పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం పడరాదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఉత్తర్వు ఇచ్చింది. ఆలస్యం చేసినకొద్దీ ఈ హక్కు తగ్గుతుంది. 30 రోజులైనా బ్యాంకు పలకకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, వివరాలకు 14448. ఈ నంబర్లు, మీరు ఇచ్చిన ఫిర్యాదు నంబరు పాస్‌బుక్ అట్ట లోపలి వైపు రాయించి పెట్టుకోండి.