అనుభవహీనతను తెలిపే ఆంగ్ల పదాలు – బాలశబ్దార్థ విచారం

సుమారు ఏబది సంవత్సరాల క్రితం ఒక కళాశాలలో సంస్కృతోపన్యాసకుడిగా చేరిన తొలివారంలో, ఆంగ్లశాఖకు చెందిన ఒక పెద్దాయన నన్ను చూపి పక్కవారితో "ఇతడింకా గ్రీన్" అన్నారు. అప్పటికి నా ఆంగ్లజ్ఞానం రంగుల పేర్లను దాటలేదు. "నీ కాపురం పచ్చగా ఉండాలి" అని దీవించే ఇంట పుట్టినవాణ్ణి గనుక అదీ ఒక ఆశీర్వచనమే అనుకొని నమస్కరించినాను. వారెందుకు నవ్వినారో చాలాకాలానికి గాని బోధపడలేదు. ఆ నమస్కారమే ఈ విచారానికి మూలం.

ఇటువంటి మాటలు ఆంగ్లంలో విస్తారంగా ఉన్నవి. అనువాదపాఠంలో మన విద్యార్థులు వీటన్నిటికీ 'అనుభవశూన్యుడు' అనే ఒక్క సమాసాన్ని వాడుతున్నారు. అభిధామాత్రం చూస్తే అది దోషం కాదు. కాని మూలంలో ఉన్న జాలి, ఎత్తిపొడుపు, వాత్సల్యం అన్నీ ఆ సమాసంలో పడి సమసిపోతున్నవి. ఆ పదం దేనిని లోపంగా ఎంచుతున్నదో ముందు చూడాలి. ఆ పిమ్మట దానితో సమానధ్వని గల పలుకుబడిని మనలో వెదకాలి.

'గ్రీన్' అనడంలో ఊహ వృక్షసంబంధి. పండని కాయ, ఎండని కట్టె దీనికి ఉపమానాలు. 'గ్రీన్‌హార్న్' అనే మాట 15వ శతాబ్దిలో కొత్తకొమ్ములు వచ్చిన ఎద్దును తెలిపేది. 17వ శతాబ్ది నాటికి కొత్తగా సైన్యంలో చేరినవాడికి, తరువాత పనికి కొత్తవాడైన ప్రతివాడికీ పరిహాసనామమైనది. షేక్‌స్పియర్ 'ఆంటొనీ అండ్ క్లియోపాత్రా' ప్రథమాంకం చివర క్లియోపాత్రా తన తొలియౌవనాన్ని 'సలాడ్ డేస్' అంటుంది. వండని పచ్చి ఆకుకూరల వలె ఆనాటి తన వివేకం పక్వం కాలేదని ఆమె భావం. నేడు ఈ పలుకుబడిని 'సుఖంగా గడిచిన పడుచురోజులు' అనే అర్థంలోనూ వాడుతున్నారు. కనుక ప్రకరణం చూడకుండా తెనిగించడం ప్రమాదం.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. ఈ పచ్చదనపు ఊహ మనకు పరాయిది కాదు. బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961) పచ్చ, పచ్చి, పసరు, పసుపు, పసి అనే మాటలను ఒకే మూలం కింద చేర్చింది. అనగా 'పసివాడు' అన్నప్పుడెల్లా మనం ఆంగ్లేయుని 'గ్రీన్'నే ఎరుగకుండా పలుకుతున్నాము. అయితే ధ్వని వేరు. 'పసి'లో వాత్సల్యం ఉన్నది, 'గ్రీన్'లో ఎగతాళి ఉన్నది. ఇక 'పచ్చి' మరొక దారి పట్టింది. పచ్చి బాలింత, పచ్చి పుండు అన్నప్పుడు కొత్తదనం నిలిచినా, పచ్చి అబద్ధం, పచ్చి మోసం అనేసరికి కేవలం ఆధిక్యవాచకమైపోయింది. 'గ్రీన్' అన్న ఉద్యోగిని 'పచ్చి ఉద్యోగి' అని అనువదిస్తే చదువరి తెల్లబోవడం ఖాయం.

'వెట్ బిహైండ్ ది ఇయర్స్', అనగా చెవుల వెనుక తడి ఆరనివాడు. అప్పుడే ఈనిన దూడకు చివరగా ఆరేది ఆ చోటే అని చెప్పుతారు. ఈ నుడి జర్మను భాషలోనూ ఉన్నది. దీనికి తెలుగున చక్కని జత 'బొడ్డూడనివాడు'. పుట్టుకనాటి గుర్తు, దానిలోని తిరస్కారం రెండూ సరిపోతున్నవి. 'క్యాలో' శబ్దం మరీ చిత్రమైనది. ప్రాచీనాంగ్లంలో దానికి బట్టతల అని అర్థం. తరువాత ఈకలు మొలవని పక్షిపిల్లకు, దాని నుండి లోకం తెలియని యువకుడికి సంక్రమించింది. ముసలితనపు లక్షణం పిల్లతనానికి పేరైనది! 'ఫ్లెడ్జిలింగ్' కూడ పక్షిసంబంధియే, ఈకలు అప్పుడే వచ్చినది. మనం మాత్రం 'రెక్కలు వచ్చినవి' అనే మాటను తల్లిదండ్రుల నిష్ఠూరానికి వాడుకుంటాము.

'ఇన్‌ఫెంట్' అనగా లాటిన్ వ్యుత్పత్తిచే మాటలాడనివాడు. ఇంగ్లండు న్యాయశాస్త్రంలో 21 ఏండ్లు నిండనివాడెంత వాచాలుడైనా ఇన్‌ఫెంటే. 1969 నాటి చట్టం ఆ వయస్సును 18కి తగ్గించింది. మన ధర్మశాస్త్రకారుల 'అప్రాప్తవ్యవహారుడు' ఇంతకంటె ఉచితమైన సంజ్ఞ అని నా అభిప్రాయం.

సంస్కృతంలో ముహధాతువు ఈ విషయాన్ని అద్భుతంగా చూపుతుంది. అష్టాధ్యాయి 8-2-33 సూత్రం ఆ ధాతువు చివరి హకారానికి ఘకారాన్ని వికల్పంగా విధిస్తున్నది. విధించిన పక్షంలో 'ముగ్ధ', లేని పక్షంలో 'మూఢ'. ధాతువొక్కటే, ప్రత్యయమొక్కటే. అయినా లోకం ఒకదానిని నాయికకు అలంకారంగా, మరొకదానిని నిందగా పంచుకున్నది. ఆంగ్లంలోనూ ఇట్టి చిత్రగతులు కలవు. 'తెలియనివాడు' అనే లాటిన్ పదం నుండి వచ్చిన 'నైస్' ఒకనాడు తెలివితక్కువవాణ్ణి తెలిపి, క్రమంగా ప్రశంస అయినది. భాగ్యవంతుణ్ణి తెలిపిన 'సిల్లీ' అమాయకుడిగా మారి, చివరకు అవివేకి అయినది.

అమరసింహుడు నానార్థవర్గంలో బాలశబ్దానికి శిశువు, మూర్ఖుడు అని రెండర్థాలూ చెప్పినాడు. తర్కసంగ్రహం తొలిపాఠంనాడు, ఈ గ్రంథం బాలురకొరకే అని విని నేను చిన్నబుచ్చుకున్నాను. అప్పటికే కావ్యాలు చదివిన గర్వం నాది. మా గురువుగారు వ్యాఖ్యాతల మాట చెప్పినారు. ఇక్కడ బాలుడనగా పాలు త్రాగేవాడు కాడు. వ్యాకరణ కావ్య కోశాలు అభ్యసించి, న్యాయశాస్త్రం మాత్రం ఇంకను చదవనివాడు, గ్రహణధారణలయందు సమర్థుడు. మనుస్మృతి రెండవ అధ్యాయంలోని ఆంగిరసుని కథ ఇంకొక మెట్టు పైకి పోయింది. చిన్నవాడైన ఆతడు తండ్రివరుసవారికి చదువు చెప్పుతూ "పుత్రకులారా" అని సంబోధించినాడు. వారు కోపించి దేవతల నడుగగా, ఆతని సంబోధన న్యాయమే అని దేవతలు తీర్పిచ్చినారు. ఈ బాలత్వం వయస్సును బట్టి కాదు, విషయాన్ని బట్టి వచ్చేది. ఆంగ్లంలో దీనికి సన్నిహితమైనది, కొత్తవాడని మాత్రమే అర్థమిచ్చే 'నోవిస్' అని తోచుచున్నది.

ఆనాటి ఆ 'గ్రీన్'ను నేడు తెనిగించవలసివస్తే, పెద్దాయన కంఠస్వరాన్ని బట్టి 'బొడ్డూడనివాడు' అనే వ్రాస్తాను. ఆంగ్లంలో అప్పుడు నేను బాలుణ్ణే, కాదనను. మరుసటి వేసవిలో ఆయన అమరం చెప్పించుకొనడానికి మా ఇంటికి వచ్చినారు. మొదటిరోజున నేను ఏమని సంబోధించాలో తెలియక 'అయ్యా' అనే పిలిచినాను.