ఐదు ఆటల లెక్క



మబ్బు పట్టిన తీరు చూసి వాన వస్తుందో రాదో చెప్తాం. చేను చూసి ఎన్ని బస్తాలు పండుతాయో చెప్తాం. దీన్నే అంచనా అంటారు. అంచనా అంటే గాలిమాట కాదు. తెలిసినదాన్ని పట్టుకుని తెలియనిదాన్ని లెక్కగట్టడం. ఈ పాఠంలో ఒక ఆటల పోటీకి అంచనా ఎలా వేయాలో నేర్చుకుందాం.

ఆట సంగతి

బ్యాడ్మింటన్‌ను మనవైపు షటిల్ ఆట అంటారు. మధ్యలో వల కడతారు. ఈకలు కూర్చిన చిన్న బంతిని బ్యాటుతో ఇటూ అటూ కొడతారు. ముందు 21 పాయింట్లు తెచ్చుకున్నవాళ్లు ఒక గేము గెలిచినట్టు. ఇద్దరూ 20 దగ్గర సమానమైతే రెండు పాయింట్ల తేడా వచ్చేదాకా ఆడాలి. అప్పటికీ తేలకపోతే 30వ పాయింటు ముందు తెచ్చుకున్నవాళ్లదే గేము. మూడు గేముల్లో రెండు గెలిస్తే ఆట గెలిచినట్టే.

దేశాల జట్లు తలపడినప్పుడు ఐదు ఆటలు ఉంటాయి. మూడు ఆటల్లో ఒకరితో ఒకరు ఆడతారు. వీటిని సింగిల్స్ అంటారు. రెండు ఆటల్లో ఇద్దరితో ఇద్దరు ఆడతారు. వీటిని డబుల్స్ అంటారు. ఐదింట్లో మూడు గెలిచిన జట్టుదే గెలుపు. అంటే ఒక్క గొప్ప ఆటగత్తె ఉంటే చాలదు.

ర్యాంకు అంటే ఏమిటి?

ఏడాది పొడుగునా ఆడిన పోటీల్లో వచ్చిన పాయింట్లను బట్టి ర్యాంకు ఇస్తారు. ఇక్కడ చిన్న అంకె గొప్పది. 1వ ర్యాంకు అందరికన్నా పైన. 472వ ర్యాంకు బాగా కింద. కానీ ఒక మాట గుర్తుంచుకోండి. కొత్తగా వచ్చిన పిల్ల పెద్ద పోటీలు కొన్నే ఆడి ఉంటుంది. అందుకని ఆమె ర్యాంకు కిందే ఉంటుంది. ఆట రాక కాదు, ఆడే అవకాశం ఇంకా రాక.

2024లో ఏం జరిగింది?

2024 ఫిబ్రవరిలో మలేషియా దేశంలోని షా ఆలం నగరంలో ఆసియా జట్ల పోటీ జరిగింది. మన ఆడపిల్లల జట్టు మొదట చైనాను 3-2తో ఓడించింది. తర్వాత హాంకాంగ్‌ను 3-0తో, జపాన్‌ను 3-2తో ఓడించింది. ఫిబ్రవరి 18న థాయ్‌లాండ్‌తో ఫైనల్ ఆడింది.

ఆ రోజు పొద్దున కూర్చుని అంచనా వేస్తే ఎలా ఉండేది? మన పి.వి. సింధు ఒలింపిక్స్‌లో రెండు పతకాలు తెచ్చిన మనిషి. కానీ మోకాలి దెబ్బతో కొన్ని నెలలు ఆటకు దూరమై అప్పుడే తిరిగి వచ్చింది. సెమీఫైనల్లో ఓడింది కూడా. థాయ్‌లాండ్‌కూ ఒక లోటు ఉంది. వాళ్ల పేరున్న ఇద్దరు సింగిల్స్ అమ్మాయిలు ఆ పోటీకి రాలేదు. ఇక మన అయిదో ఆటకు దిగేది హర్యానా పిల్ల అన్మోల్ ఖర్బ్. వయసు 17. ర్యాంకు 472. ర్యాంకు ఒక్కటే చూస్తే ఆ ఆట పోయినట్టే అనుకోవాలి. కానీ చైనా మీద, జపాన్ మీద 2-2 అయినప్పుడు చివరి ఆట గెలిచి జట్టును నిలబెట్టింది ఆ పిల్లే.

ఫైనల్లో జరిగింది ఇది:

1. సింధు గెలిచింది: 21-12, 21-12. (1-0)
2. గాయత్రీ గోపీచంద్, త్రీసా జాలీ గెలిచారు: 21-16, 18-21, 21-16. (2-0)
3. అష్మితా చాలిహా ఓడింది: 11-21, 14-21. (2-1)
4. శ్రుతి మిశ్రా, ప్రియా కొంజెంగ్‌బమ్ ఓడారు: 11-21, 9-21. (2-2)
5. అన్మోల్ గెలిచింది: 21-14, 21-9. (3-2)

ఈ పోటీలో మన దేశానికి బంగారు పతకం రావడం అదే మొదటిసారి. సింధు, గాయత్రి హైదరాబాదు పిల్లలు. త్రీసాది కేరళ. అష్మితది అస్సాం. తలా ఒక చోటు నుంచి వచ్చారు, తలా ఒక ఆట మోశారు.

అంచనా ఎలా వేయాలి?

కాగితం మీద ఐదు గీతలు గీయండి. ఒక్కో ఆటకు ఈ సంగతులు అడగండి:

- ఇద్దరి ర్యాంకులు ఎంత?
- ఈమధ్య ఎవరు గెలుస్తున్నారు?
- ఇదివరకు వీళ్లిద్దరూ ఆడితే ఎవరు గెలిచారు?
- దెబ్బలేమైనా ఉన్నాయా? ఎవరైనా రాలేదా?

తర్వాత ప్రతి గీత పక్కన "గెలుపు", "ఓటమి", "చెప్పలేం" అని మూడింట్లో ఒకటి రాయండి.

ఒక జట్టుకు రెండు గెలుపులు, ఒక ఓటమి, రెండు "చెప్పలేం" వచ్చాయనుకోండి. ఆ రెండు ఆటలు నాలుగు రకాలుగా జరగొచ్చు: రెండూ గెలవొచ్చు, మొదటిది గెలిచి రెండోది ఓడొచ్చు, మొదటిది ఓడి రెండోది గెలవొచ్చు, రెండూ ఓడొచ్చు. మూడు రకాల్లో జట్టు గెలుస్తుంది. ఒక రకంలో ఓడుతుంది. కాబట్టి "గెలిచే వీలు ఎక్కువ" అనాలి. "గెలుపు ఖాయం" అనకూడదు. ఆ నాలుగోది కూడా జరగొచ్చు కదా!

అంచనా వేరు, పందెం వేరు

అంచనా తప్పితే ఏమీ పోదు. మళ్లీ లెక్క చూసుకుంటాం. పందెం తప్పితే కూలి డబ్బు పోతుంది, పొదుపు పోతుంది, ఒక్కోసారి పుస్తెలు కూడా పోతాయి. "ఇది ఖాయం" అని సెల్‌ఫోన్లో ఎవరైనా చెప్తే ఆ నాలుగో రకం గుర్తు చేసుకోండి. ఆన్‌లైన్లో డబ్బు పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం చేసి నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం చేసింది. ఇంట్లో మగవాళ్లకు, మగపిల్లలకు ఈ లెక్క మీరే చేసి చూపించండి.

లెక్క చేయండి

1. ఫైనల్ రెండో ఆటలో మనకు మొత్తం ఎన్ని పాయింట్లు? థాయ్‌లాండ్‌కు ఎన్ని?
2. ఒక జట్టుకు ఒక గెలుపు, రెండు ఓటములు, రెండు "చెప్పలేం" ఉన్నాయి. నాలుగు రకాల్లో ఎన్నింట్లో ఆ జట్టు గెలుస్తుంది?

ఆలోచించండి

పిల్ల చేతిలోని మార్కుల కాగితం చూసి "దీనివల్ల కాదు" అంటుంటాం. ఆ కాగితం నిన్నటిదాకా జరిగింది చెప్తుంది. రేపటి సంగతి చెప్తుందా? మీ కేంద్రంలో అందరూ మాట్లాడుకోండి.

కొత్త మాటలు: అంచనా, ర్యాంకు, సింగిల్స్, డబుల్స్, ఫైనల్, నిషేధం

(జవాబులు: 1. మనకు 60, వాళ్లకు 53. 2. ఒక్కదాంట్లోనే.)