ఉప ఎన్నిక చూసి ఊరంతా లెక్కెయ్యకు



ఒంగోలులో సర్వే ఉద్యోగంలో చేరావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. నువ్వు రాసి పంపిన కాగితం చదివాను. 2025 మార్చిలో కృష్ణా-గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానంలో తెలుగుదేశం అభ్యర్థి ఆలపాటి రాజేంద్రప్రసాద్‌కు వచ్చిన 82 వేల పైచిలుకు మెజారిటీ చూపించి, 2029 ఎన్నిక కూడా తెలుగుదేశం కూటమిదేనని తేల్చేశావు. కావచ్చు, కాకపోవచ్చు. నా పేచీ దాంతో కాదు. అక్కడ ఎదురు నిలబడింది పీడీఎఫ్ అభ్యర్థి లక్ష్మణరావు. వైఎస్సార్సీపీ అభ్యర్థినే పెట్టలేదు. బరిలో లేని పార్టీ బలం ఆ పెట్టెల్లో ఎలా దొరుకుతుందిరా? పైగా అది డిగ్రీ ఉండి, ఫారం 18 నింపి పేరు ఎక్కించుకున్నవాళ్ల ఓటు. మన చేలో మిరపకాయలు కోసే ఆడవాళ్లలో ఎందరికుంది ఆ ఓటు?

2012 నాటికి నువ్వింకా బళ్లో ఉన్నావు. ఆ జూన్‌లో 18 అసెంబ్లీ స్థానాలకు ఉప ఎన్నికలొచ్చాయి. మూడు మనవైపే: ప్రత్తిపాడు, మాచర్ల, ఒంగోలు. పోలింగ్‌కు రెండు వారాల ముందు జగన్‌ను సీబీఐ అరెస్టు చేసింది. విజయమ్మ, షర్మిల ఊరూరా తిరిగారు. 18లో 15 వైఎస్సార్సీపీ ఎత్తుకుపోయింది, తెలుగుదేశానికి ఒక్కటీ దక్కలేదు. ప్రత్తిపాడులో సుచరిత, ఒంగోలులో బాలినేని, మాచర్లలో పిన్నెల్లి గెలిచారు. టీ కొట్ల దగ్గర మంత్రి పదవులు కూడా పంచేశారు మనవాళ్లు! రెండేళ్లు తిరిగేసరికి రాష్ట్రం విడిపోయింది. తెలుగుదేశం బీజేపీతో కలిసింది, పవన్ కల్యాణ్ వాళ్ల తరఫున ప్రచారం చేశాడు, రుణమాఫీ మాట రైతు గడప తొక్కింది. 2014లో 175 సీట్లలో తెలుగుదేశానికి 102, వైఎస్సార్సీపీకి 67. ప్రత్తిపాడు రావెల కిశోర్‌బాబుకు, ఒంగోలు దామచర్ల జనార్దన్‌కు పోయాయి. మాచర్ల ఒక్కటే నిలిచింది.

అలాగని 2012 ఫలితం అబద్ధమాడిందనను. కాంగ్రెస్ పనైపోతోందని అది చెప్పింది. 2014లో ఆ పార్టీకి ఇక్కడ ఒక్క సీటూ రాలేదు. జనం ఎవరిని వదిలేస్తున్నారో ఉప ఎన్నికలో తెలిసింది, చివరికి ఎవరి దగ్గర ఆగుతారో తెలియలేదు. సీజను మొదట్లో యార్డుకొచ్చిన నాలుగు మిర్చి టిక్కీల ధర చూసి మార్చి ధర చెప్పేవాణ్ణి మనం నమ్మం కదా.

నంద్యాల సంగతి నీకు తెలిసిందే. 2017లో అక్కడి ఉప ఎన్నికలో తెలుగుదేశం 27 వేలకు పైగా తేడాతో గెలిచింది, 2019లో రాష్ట్రమంతా కలిపి 23 సీట్లకు పడిపోయింది. ఒక్క నియోజకవర్గం మీద ప్రభుత్వం మొత్తం కూర్చుంటే వచ్చే ఫలితానికి నేను పెద్ద విలువివ్వను.

ఇక ఎన్నికే లేని ఎన్నికలుంటాయి. 2021లో మాచర్ల మున్సిపాలిటీలో వార్డులన్నీ పోటీ లేకుండా వైఎస్సార్సీపీకి ఏకగ్రీవమయ్యాయి. అదే మాచర్లలో 2024లో పిన్నెల్లి 33 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయాడు. ఏకగ్రీవాన్ని బలం పద్దులో రాసుకున్నవాళ్లు అప్పుడు నోరెళ్లబెట్టారు.

నిజంగా ముందే చెప్పింది 2023 మార్చి ఎమ్మెల్సీ ఎన్నిక. పట్టభద్రుల స్థానాలు మూడూ తెలుగుదేశానికి పడ్డాయి. మన ప్రకాశం ఉన్న తూర్పు రాయలసీమలో కంచర్ల శ్రీకాంత్ గెలిచాడు. అదే విడతలో రాయలసీమ ఉపాధ్యాయ స్థానాలు రెండూ వైఎస్సార్సీపీకి వెళ్లాయి, అదీ మరువకు. అయినా నేను దాన్ని పట్టించుకున్నది ఎందుకంటే, వేర్వేరు ప్రాంతాలు మూడూ ఒకే వైపు మొగ్గాయి. పైగా పీడీఎఫ్, తెలుగుదేశం రెండో ప్రాధాన్య ఓట్లు ఒకరికొకరు వేయించుకున్నాయి. వ్యతిరేక ఓటు చీలకుండా చూసుకునే పద్ధతి అక్కడే కనిపించింది. 2024లో వైఎస్సార్సీపీకి మిగిలినవి 11.

అమెరికా వాళ్లు 2026 నవంబరు మధ్యంతర ఎన్నికల ఫలితాన్ని ఉప ఎన్నికల్లో వెతుకుతున్నారని రాశావు. వాళ్ల పద్ధతిలో ఒక మంచి ఉంది: ఎవరు గెలిచారన్నది పక్కనబెట్టి, అదే స్థానంలో పాత తేడా ఎంత, కొత్త తేడా ఎంత అని చాలా చోట్ల లెక్కేస్తారు. 2017లో అలబామా సెనేట్ స్థానం డెమోక్రాట్లకు వచ్చింది, ఏడాదికి ప్రతినిధుల సభా వచ్చింది. 2023-24లోనూ ఉప ఎన్నికల్లో వాళ్లు బాగానే రాణించారు. అయినా 2024 నవంబరులో ట్రంప్ గెలిచాడు. తప్పకుండా ఓటేసే జనం చిన్న ఎన్నికకు వస్తారు, పెద్ద ఎన్నికకు తక్కినవాళ్లూ వస్తారు.

కాబట్టి ఈసారి కాగితం రాసేముందు కలెక్టరేట్ నుంచి ఫారం 20 తెచ్చుకో, బూత్ బూత్‌కీ ఓట్లుంటాయి. పోలైన శాతం పక్కన రాసుకో. సాయంత్రం కూలీలు చేలోంచి వచ్చాక ఊళ్లోకి వెళ్లు, పగలు అరుగుల మీద దొరికేవాళ్లు పార్టీ మనుషులే. పత్తి ధర, మిర్చి ధర అడిగాకే ఓటు సంగతి అడుగు.

మరో మాట. ఫలితం మీద పందెం కాద్దామని నీ స్నేహితుడెవరో అంటున్నాడట. మీ అమ్మకింకా తెలియదు.

ఉంటాను,
పెదనాన్న