పట్టా మీద పేరు, తరగతి గదిలో చదువు: మన విశ్వవిద్యాలయాలను పోల్చడం ఎలా?



పదో తరగతి పేరెంట్స్ మీటింగ్ అయ్యాక ఏటా ఒకరిద్దరు వెనక ఆగి అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇప్పుడే అడుగుతున్నానని అనుకోకండి మేడమ్. ఇంటరయ్యాక ఆంధ్రా యూనివర్సిటీ అయితేనే బాగుంటదాండి, మన నన్నయ సరిపోద్దాండి? జేఎన్‌టీయూ పేరుంటే చాలాండి?" పిల్లల భవిష్యత్తు మీద బెంగతో అడిగే ప్రశ్న ఇది. ఒక్క మాటలో తేల్చేది కాదు కాబట్టి ఈ నెల దీని గురించే రాస్తున్నాను.

ముందుగా మా ఇంటి బీరువాలోని రెండు పట్టాల సంగతి చెబుతాను. మా చిన్నమ్మ, నేను ఒకే ఊళ్లో ఒకే కాలేజీలో బీఎస్సీ చదివాం. మా ఇద్దరికీ కెమిస్ట్రీ చెప్పిన మేస్టారు కూడా ఒక్కరే. ఆవిడ 2001లో డిగ్రీ పూర్తి చేసింది, పట్టా మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం అని ఉంటుంది. నా పట్టా మీద ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం అని ఉంటుంది. బీఈడీ అయ్యాక నేను వెళ్లిన మొదటి ఇంటర్వ్యూలో కాగితాలు చూసినాయన "ఆంధ్రా కాదా?" అని ఫైలు మూసేశారు. డెమో క్లాసు కూడా అడగలేదు. ఆ రోజు ఇంటికొచ్చి రెండు పట్టాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మారింది పేరొక్కటే.

పేరు ఎలా మారుతుంది?

రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలనే తీసుకోండి. 1853లో పాఠశాలగా మొదలైంది. కందుకూరి వీరేశలింగం గారు అక్కడ తెలుగు పండితులుగా పనిచేశారు, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అక్కడ తత్త్వశాస్త్రం బోధించారు. ఆ కళాశాల మొదట మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని కిందకు వచ్చింది. 2006లో నన్నయ విశ్వవిద్యాలయం వచ్చాక ఉభయ గోదావరి జిల్లాల మిగతా డిగ్రీ కళాశాలలతో పాటు దాని పరిధిలోకి చేరింది. కాలేజీ ఒకటే, మూడు తరాల పట్టాల మీద మూడు పేర్లు.

ఇంజనీరింగ్‌లోనూ ఇంతే. 1946లో విశాఖపట్నంలో మొదలై కాకినాడకు తరలివచ్చిన ఇంజనీరింగ్ కళాశాల, 1972లో జేఎన్‌టీయూలో భాగమైంది. 2008లో ఆ విశ్వవిద్యాలయాన్ని విడదీసినప్పుడు జేఎన్‌టీయూ కాకినాడ ఏర్పడింది. 2022లో ఉత్తరాంధ్ర కోసం విజయనగరం కేంద్రంగా జేఎన్‌టీయూ గురజాడ వచ్చింది. ఇలా విడదీసిన ప్రతిసారీ అనుబంధ కళాశాలల పిల్లల పట్టాల మీద పేరు మారింది. వాళ్లు కూర్చున్న బెంచీ మారలేదు.

పేరు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉన్న పేరు ఊరికే రాలేదు. కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి ఉపాధ్యక్షులు, వారి తర్వాత రాధాకృష్ణన్ గారు. సంఖ్యాశాస్త్రంలో ప్రపంచ ఖ్యాతి పొందిన సి.ఆర్. రావు గారు గణితంలో ఎంఏ చేసింది అక్కడే. దాదాపు వందేళ్లుగా అక్కడ చదివినవాళ్లు ఆఫీసుల్లో, కాలేజీల్లో, విదేశాల్లో స్థిరపడ్డారు. ఇంటర్వ్యూ బల్లకు అవతల కూర్చునేవాళ్లలోనూ వాళ్లుంటారు. పేరంటే చాలావరకు ఇలా పోగుపడిన జ్ఞాపకమే. ఇరవై ఏళ్ల నన్నయకు ఆ జ్ఞాపకం పోగుపడే సమయం ఇంకా రాలేదు.

కాబట్టి పాత పేరుకు విలువ లేదని నేను అనను. పీజీకో, పరిశోధనకో విశాఖ క్యాంపస్‌లోనే చదివే విద్యార్థికి ఆ గ్రంథాలయం, ఆ ఆచార్యులు, ఆ పూర్వ విద్యార్థులు నిజంగా అందుతారు. కానీ వందేళ్ల క్యాంపస్‌కు వచ్చిన పేరును అనుబంధ కళాశాల తరగతి గదికి అంటగట్టి లెక్కవేస్తేనే పొరపాటు.

మూడు చోట్ల తడబడుతున్నాం

మొదటిది, క్యాంపస్‌కు, అనుబంధ కళాశాలకు తేడా. జేఎన్‌టీయూ కాకినాడ క్యాంపస్‌లో చదివినా, దాని అనుబంధ కళాశాలలో చదివినా పట్టా ఇచ్చేది ఆ విశ్వవిద్యాలయమే. పాఠం చెప్పేది మాత్రం ఆ కాలేజీ అధ్యాపకులు. "జేఎన్‌టీయూ సీటు వచ్చింది" అని ఎవరైనా అంటే, క్యాంపస్‌లోనా, అనుబంధ కళాశాలలోనా అని అడగండి. అటానమస్ కాలేజీ అయితే సిలబస్, పరీక్షలు కూడా కాలేజీవే, పట్టా మాత్రం విశ్వవిద్యాలయానిది.

రెండోది, "ఏయూ ప్రాంతం" అనే మాట. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో మన పిల్లల పేరు పక్కన ఇది కనిపిస్తుంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఉన్న పాత జిల్లాలు ఆంధ్ర విశ్వవిద్యాలయ స్థానిక ప్రాంతం. ఆ ప్రాంతంలోని కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. ఇది మన పిల్లలు ఎక్కడ స్థానికులో చెబుతుంది. కాలేజీ ఏ విశ్వవిద్యాలయం కిందిదో చెప్పదు.

మూడోది, ర్యాంకులు. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఇస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో విశ్వవిద్యాలయాలకు బోధన, వనరులకు 30, పరిశోధనకు 30, విద్యార్థుల ఫలితాలకు 20, అందరికీ అవకాశం కల్పించినందుకు 10 మార్కులు. జనంలో ఉన్న పేరుకు మిగిలిన 10. మన ఇళ్లలో ఆ పదికే తొంభై వేస్తున్నాం! న్యాక్ గ్రేడు కూడా సంస్థ మొత్తానికి వర్తిస్తుంది. ఇంజనీరింగ్‌లో ఒక్కో బ్రాంచిని విడిగా చూసే గుర్తింపు కావాలంటే ఎన్‌బీఏ ఉందో లేదో చూడాలి.

అసలు చదవబోయే విషయమేమిటో తేలకుండా ఈ పోలిక ఎక్కడికీ పోదు. కొబ్బరి, కోకో, మామిడి సాగు మీద ఆసక్తి ఉన్న కోనసీమ పిల్లవాడికి తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. 2007లో వచ్చింది. వాడికి విశాఖ పెద్దదా, కాకినాడ పెద్దదా అన్న చర్చతో పనే లేదు.

అమెరికాలో ఎలా?

డిగ్రీ తర్వాత ఎంఎస్‌కు పంపాలనుకునే ఇళ్లలో ఇదే ప్రశ్న మరో రూపంలో వస్తుంది. "పేరులో స్టేట్ అని ఉంటే రెండో రకమా?" అని. అక్కడా రాష్ట్రానికో కథ ఉంది.

కాలిఫోర్నియాలో 1960లో ఒక ప్రణాళిక వేసుకున్నారు. హైస్కూలు పూర్తి చేసినవాళ్లలో పైనున్న ఎనిమిదో వంతు మంది యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు, పైనున్న మూడో వంతు మంది కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకి అర్హులు. పరిశోధన ప్రధానంగా మొదటిదానిది, బోధన ప్రధానంగా రెండోదానిది. కాబట్టి అక్కడ "స్టేట్" అనే మాటకు ఒక అంతరం ఉన్న మాట నిజమే. అయినా శాన్ హోసే స్టేట్ సిలికాన్ వ్యాలీ నడిబొడ్డున ఉంది, ఉద్యోగం కోసం చదివేవాళ్లకు ఆ దగ్గరతనం చిన్న విషయం కాదు.

మిషిగన్‌లో సంగతి వేరు. యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ 1817 నాటిది, పేరు కూడా పెద్దదే. మిషిగన్ స్టేట్ 1855లో వ్యవసాయ కళాశాలగా పుట్టింది. కానీ అణు భౌతికశాస్త్రం చదవాలనుకునేవాళ్లు ముందు చూసేది మిషిగన్ స్టేట్ వైపే. 2022లో ప్రారంభమైన అరుదైన ఐసోటోపుల పరిశోధన కేంద్రం అక్కడే ఉంది. ఇక ఒహాయోలో లెక్క తిరగబడింది. ఒహాయో యూనివర్సిటీ 1804 నాటిది, ఒహాయో స్టేట్ 1870 నాటిది. పరిశోధనలోనూ పేరులోనూ ముందున్నది చిన్నదైన ఒహాయో స్టేటే.

మరో జాగ్రత్త. ఆస్టిన్, డాలస్, ఆర్లింగ్టన్‌లలో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లు మూడూ వేర్వేరు విశ్వవిద్యాలయాలు, ప్రవేశాలు కూడా వేరు. మన దగ్గర ఒక విశ్వవిద్యాలయం కింద ఎన్నో కాలేజీలున్నట్టు, అక్కడ ఒక పేరు కింద ఎన్నో విశ్వవిద్యాలయాలుంటాయి. రెండు చోట్లా ముందున్న పేరు దగ్గరే ఆగిపోకూడదు.

మీరూ మీ పిల్లలూ కలిసి చేసే అభ్యాసం

ఒక ఆదివారం పావుఠావు కాగితం మీద మూడు కాలేజీల పేర్లు రాయండి. ప్రతి దానికీ ఈ అయిదు ప్రశ్నలకు జవాబులు నింపండి.

1. మా అమ్మాయి చదవబోయే విభాగంలో రెగ్యులర్ అధ్యాపకులు ఎంతమంది? వాళ్లు ఎన్నేళ్లుగా అక్కడే ఉన్నారు?

2. ల్యాబు వారానికి నిజంగా ఎన్ని గంటలు జరుగుతుంది? ఈ జవాబు ఆఫీసులో కాదు, రెండో సంవత్సరం పిల్లల్ని అడగాలి.

3. ఇది క్యాంపస్ కళాశాలా, అనుబంధ కళాశాలా, అటానమసా?

4. ఇంజనీరింగ్ అయితే ఆ బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా? గడువు ఎప్పటిదాకా?

5. పోయిన ఏడాది ఆ విభాగంలో చదివినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు? బ్రోచర్లో ఫొటో పడిన నలుగురి సంగతి కాదు, మిగతావాళ్ల సంగతి.

విశ్వవిద్యాలయం పేరు చివరి గడిలో రాయండి. మిగతావన్నీ సమానంగా ఉంటే అప్పుడు పెద్ద పేరునే ఎంచుకోండి, తప్పేమీ లేదు. జవాబులు వెతికే పని మాత్రం పిల్లలకే అప్పగించండి. నలుగురిని అడిగి నిజం రాబట్టడం కూడా చదువే.

ఒక మనవి. మీ వీధిలో ఎవరి అమ్మాయైనా నన్నయ డిగ్రీ అంటే "అయ్యో, ఆంధ్రా కాదా?" అనకండి. ఏం చదివిందో, ఏం చేయగలదో అడగండి. రేపు మన తరగతి పిల్లల్లో చాలామంది పట్టాల మీద ఉండబోయేది ఆ పేరే. ఆ పేరుకు రేపు ఎంత గౌరవం దక్కుతుందో తేల్చేది కూడా వాళ్లే.

నింపిన కాగితం వచ్చే మీటింగ్‌కు తీసుకురండి. కూర్చుని కలిసి చూద్దాం.