హంద్రీ ఒడ్డున పార్కు: ముందు ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది కర్నూలులోని కల్లూరు. హంద్రీ నది ఒడ్డున పార్కు కావాలని కాలనీవాళ్లం కార్పొరేషన్‌కు అర్జీ పెట్టాలనుకుంటున్నాం. జనం అభిప్రాయం ఎలా సేకరించాలి?

జవాబు: అర్జీ రాసేముందు ఒక వారం ఒడ్డున తిరగండి. తెల్లారగట్ల ఒకసారి, పొద్దు గూకే వేళ ఒకసారి. బండమీద బట్టలుతికే ఆమె, బర్రెలను తోలుకొచ్చే పిల్లోడు, కంపు భరించలేక కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పోయే ఆడవాళ్లు... ఆ ఒడ్డుతో రోజూ పనుండేది వీళ్లకే. మీటింగంటే కూలి పోగొట్టుకుని రాలేరు, మీరే పోయి అడగండి. "పార్కు కావాలా?" అంటే అందరూ ఊ అంటారు. "చీకటి పడితే ఇటు ఎందుకు రావమ్మా?" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వరద ఎక్కడిదాకా వచ్చిందో పెద్దలకు ఇంకా గుర్తే. వాళ్లను వెంటబెట్టుకుని పోయి, ఆ ఆనవాళ్లను మ్యాపు మీద గీయించండి. ఆ గీత లోపల కాంక్రీటు గోడలు, గదులు వద్దని గట్టిగా చెప్పండి. మట్టిబాట, కానుగ, ఏరుమద్ది చెట్లు చాలు. ఏటి జాగాను పార్కు పేరుతో కుదించడం నాకు సమ్మతం కాదు. మురుగు కలవడం ఆపకుండా బెంచీలు వేసినా ఎవరూ కూర్చోరు.

అహ్మదాబాదులో సబర్మతి ఒడ్డును తీర్చిదిద్దినప్పుడు వేల పేద కుటుంబాలు ఇళ్లు వదిలి దూరం పోవాల్సి వచ్చింది. అందుకే ఒడ్డున ఉన్నవాళ్ల మాట మీ అర్జీలో మొదటి పేజీలోనే ఉండాలి. అర్జీని కార్పొరేషన్‌తో పాటు, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేటప్పుడు అక్కడ కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. ప్లాను తయారైతే, ఖరారు చేయకముందే తెలుగులో వార్డు సచివాలయం గోడకు అంటించమని ఆ అర్జీలోనే అడగండి.