ఒకే పాట - రెండు పాఠాలు

పాఠభేదం అంటే ఏమిటో తెలుగు సాహిత్య విద్యార్థులకు చెప్పనక్కర లేదు. ఒక తాళపత్ర ప్రతిలో ఒక మాట ఉంటే, మరో ప్రతిలో దాని చోట వేరే మాట ఉంటుంది. సి.పి. బ్రౌన్ దొర ఎక్కడెక్కడి ప్రతులో సేకరించి పండితుల చేత సరిచూపించింది అందుకే. పాటకు కూడా ఇలాంటి పాఠభేదాలుంటాయనీ, పాత గ్రామఫోను రికార్డులు వాటికి తాళపత్రాల వంటివనీ మనలో చాలామందికి తట్టదు. 1960 దశకపు ఇంగ్లీషు పాటలనే తీసుకుందాం. సింగిల్ మీద విన్న పాటా, ఆల్బమ్‌లో విన్న పాటా పేరుకి ఒకటే. తీరా వింటే రెండు!

కారణం రికార్డులోనే ఉంది

పదంగుళాల 78 రికార్డు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలు పలికేది. అమెరికాలో 1948లో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్‌ప్లే రికార్డును, 1949లో ఆర్.సి.ఏ. విక్టర్ కంపెనీ ఏడంగుళాల 45 రికార్డును తెచ్చాయి. పెద్దదాని మీద ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైచిలుకు పడుతుంది. చిన్నదాని మీద వైపుకి ఒక పాట. అదే సింగిల్. (మన దేశంలో 78లు ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచాయి. బీటిల్స్ పాటలు కొన్ని వాటి మీద కూడా వచ్చాయి.)

ధ్వని హెచ్చిన కొద్దీ, అందులోనూ మంద్రస్వరాలు బలంగా ఉన్న కొద్దీ, రికార్డు మీది గాడి పక్కలకు ఎక్కువగా ఊగి ఎక్కువ చోటు తింటుంది. అంచేత నిడివి పెరిగితే ధ్వని తగ్గించుకోవాలి. ధ్వని కావాలంటే నిడివి తగ్గించుకోవాలి. పైగా సింగిల్ వెళ్లవలసింది రేడియోకీ, జ్యూక్‌బాక్సుకీ. అక్కడ మూడు నిమిషాలు దాటితే చోటు దొరకడం కష్టం. లాంగ్‌ప్లే ఇంట్లో తీరిగ్గా కూర్చుని వినేవాళ్లది.

కత్తెర, పైపూత

'ది డోర్స్' బృందం 1967 జనవరిలో తెచ్చిన ఆల్బమ్‌లో 'లైట్ మై ఫైర్' పాట సుమారు ఏడు నిమిషాలు. అందులో సగానికి పైగా ఆర్గన్, గిటారుల వాదనమే. సింగిల్‌కి ఆ వాదనంలో చాలా భాగం కత్తిరించి మూడు నిమిషాల లోపుకి తెచ్చారు. ఆ ఏడాది జూలైలో అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది ఈ కత్తిరించిన పాఠమే.

సైమన్, గార్‌ఫంకెల్‌ల 'ది సౌండ్ ఆఫ్ సైలెన్స్' సంగతి దీనికి తలకిందులు. 1964 ఆల్బమ్‌లో అది రెండు గొంతులు, గిటారుతో సాగిన నిరాడంబరమైన పాట. ఆల్బమ్ అమ్ముడుపోలేదు. 1965లో నిర్మాత టామ్ విల్సన్ ఆ రికార్డింగు మీదే ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్స్ చేర్చి సింగిల్‌గా విడుదల చేయించాడు. పాడినవాళ్లకు ముందు మాటమాత్రం చెప్పలేదు! 1966 జనవరికల్లా అది మొదటి స్థానంలో ఉంది. విడిపోయిన ఇద్దరూ మళ్లీ కలిశారు.

మాటే మారితే?

బీటిల్స్ 'రివల్యూషన్' ఇంకా చిత్రం. 1968 మే నెలాఖరున మొదట రికార్డు చేసింది నెమ్మది నడకది. సింగిల్‌కి అది పనికిరాదని తోటివారు అనడంతో, జూలైలో వేగం పెంచి, గిటారు గరగరలాడేటట్టు మళ్లీ రికార్డు చేశారు. రెండోసారి చేసినదే ముందు వెలువడింది - ఆగస్టులో, 'హే జూడ్' వెనుక వైపున. మొదటిది 'రివల్యూషన్ 1' పేరుతో నవంబరు ఆల్బమ్‌లో వచ్చింది. విధ్వంసం ప్రస్తావన వచ్చేచోట సింగిల్‌లో జాన్ లెనన్ తనను లెక్కలోంచి తీసెయ్యమంటాడు. ఆల్బమ్‌లో అదే అని, వెంటనే లెక్కలో ఉంచమనే అర్థం వచ్చే ఇంకో చిన్నమాట తగిలిస్తాడు. ప్యారిస్‌లో విద్యార్థులు వీధికెక్కిన ఏడాది అది. లెనన్ ఎటువైపు? ఒక్క పాఠమే విన్నవాడి జవాబు సగం జవాబే గదా!

పోయిన టేపు

'లవ్ మీ డూ' పాటను బీటిల్స్ 1962 సెప్టెంబరు 4న రింగో స్టార్ డ్రమ్స్‌తోనూ, 11న ఆండీ వైట్ అనే వాద్యకారుడి డ్రమ్స్‌తోనూ రికార్డు చేశారు. అక్టోబరులో వచ్చిన తొలి సింగిల్ మీద రింగో పాఠం ఉంది. 1963 ఆల్బమ్‌లోకి ఎక్కింది వైట్ పాఠం. తర్వాతి సింగిల్ ముద్రణలలోనూ అదే చోటుచేసుకుంది. రింగో పాఠం అసలు టేపు మిగల్లేదు. 1988లో 'పాస్ట్ మాస్టర్స్' సంకలనంలో చేర్చవలసి వచ్చినప్పుడు పాత రికార్డు నుంచే దాన్ని ఎత్తుకున్నారు. ఎవరో జాగ్రత్త చేసిన ఏడంగుళాల రికార్డే మూలప్రతి అయింది!

ఎలా పోల్చాలి?

మొదట లేబిల్ మీది సంవత్సరం, నిడివి, నంబరు వ్రాసుకోవాలి. లేబిల్‌కీ ఆఖరి గాడికీ మధ్యనున్న నున్నని భాగంలో గీసిన మాట్రిక్స్ నంబరు కూడా చూడాలి. ఏ మాస్టరు నుంచి ముద్రించారో తెలిపేది అదే. ఆ తర్వాత ధ్వని రెండింటికీ సమానంగా పెట్టి వినాలి. హెచ్చుగా పలికేది మెరుగనిపించడం చెవి నైజం. ఒకసారికి ఒక్క అంశమే పట్టుకోవాలి. 'లవ్ మీ డూ'లో టాంబురీన్ వినిపిస్తే అది వైట్ పాఠం. అభ్యాసానికి 1970 నాటి 'లెట్ ఇట్ బీ' మంచిది. సింగిల్, ఆల్బమ్ రెండింటికీ పునాది ఒకే రికార్డింగు, గిటారు సోలో మాత్రం వేరు.

ఏది అసలు పాట అని తగువు పడనక్కర లేదు. లోకం విన్నది ఒకటి కావచ్చు, కళాకారుడు తలపెట్టింది మరొకటి కావచ్చు. చరిత్రకు రెండూ కావాలి. పాట గురించి వ్రాసేటప్పుడు ఏ పాఠం విన్నామో చెప్పడం మన ధర్మం. ఇంట్లో అటక మీద ఏడంగుళాల రికార్డులుంటే, ఆల్బమ్ ఉంది గదా అని పాత సామాన్లవాడికి వేసేముందు ఒక్కసారి తిప్పి వినండి. ఆల్బమ్‌లో లేనిదేదో వాటిలో ఉండవచ్చు.